అమ్మ కడిగిన ముఖం

వల్లూరులో సవిత ఇంటి గుమ్మం పైన పదిహేనేళ్ళుగా దిష్టిబొమ్మలా వేలాడుతున్న చెక్కముఖం మామూలు బొమ్మ కాదని పోయిన వారం తేలింది. కాంగో దేశంలో లేగా అనే జాతి ఉంది. వాళ్ళ పెద్దలు చేతపట్టి ఆడే ముఖం అది. బోరు లారీతో పాటు ఆ దేశం పోయి మూడేళ్ళు పని చేసిన లింగప్ప, అంటే సవిత నాయన, దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. చాలాకాలం పెట్టెలో ఉంచి, తను చనిపోయే ముందు గుమ్మం పైన మేకుకు తగిలించాడు. పావగడ బజారులో ఇత్తడి సామాన్ల అంగడి నడిపే సదానంద శెట్టి నెల కిందట ఆ దారిన పోతూ దాన్ని చూశాడు, ఫోటో తీసి బెంగళూరుకు పంపాడు. అక్కడ ఇలాంటివి కొనేవాళ్ళకు మంచీ చెడ్డా చూసిపెట్టే శ్రేయస్ శుక్రవారం పది గంటలకు స్వయంగా వస్తానన్నాడు.

ఆ శుక్రవారం పన్నెండు దాటింది. శ్రేయస్ రాలేదు.

సవిత గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. సోలార్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం ఆమెది. ఈ ఒక్క రోజు సెలవు కోసం సూపర్‌వైజరును మూడు రోజులు బతిమాలింది. ఫోను చేస్తే సిగ్నలు అందడం లేదు. ఊరి చుట్టూ కనుచూపు మేర కరెంటు పండుతోంది, ఇంట్లో ఫ్యాను మాత్రం పొద్దుటి నుంచి తిరగలేదు. పక్కింటి మేఘ అడగకుండానే చెంబుడు మజ్జిగ ఇచ్చి పోయింది. ఆ పూటకు చల్లగా తగిలింది అదొక్కటే.

ఆమెకు ఆ బొమ్మ మీద మమకారమూ లేదు, భయమూ లేదు. కావలసిందల్లా అమ్మ ప్యానెళ్ళు కడిగే పని మానడం. అరవై దాటిన అంజినమ్మ ఆరేళ్ళుగా తెల్లవారక ముందే లేచి, నీళ్ళ ట్యాంకరు వెనక నడుస్తూ, తనకు రెండింతలున్న కర్రతో ఆ నల్లద్దాలు తుడుస్తోంది. మోకాళ్ళు వాచిపోయాయి. మధ్యాహ్నానికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతాయి. మానెయ్యమ్మా అంటే నవ్వేసి, "ఊరికే కూచుంటే నాకు అన్నం అరగదే" అంటుంది. చివరికి సవిత తల్లిని దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. బొమ్మ అమ్ముడుపోయిన రోజే కర్ర కింద పెట్టాలి. అంజినమ్మ ఒట్టయితే వేసింది. వేసినప్పుడు కూతురి కళ్ళలోకి చూడలేదు.

పన్నెండున్నరకు కారు వచ్చింది.

"పంక్చరు సవితమ్మా, పంక్చరు!" అంటూ ముందు సదానంద దిగాడు. "పావగడ దాటినాక టైరు పోయింది. స్టెప్నీ చూస్తే దాంట్లోనూ గాలి లేదు. బెంగళూరు కారు, పైన చూస్తే పెండ్లికొడుకు మాదిరి ఉంటాది, లోపల ఏమీ లేదు."

శ్రేయస్ నలభై ఏళ్ళ సన్నటి మనిషి. చెప్పులు బయట విడిచి, రెండూ జతగా సర్ది లోపలికి వచ్చాడు. ఆలస్యానికి రెండుసార్లు క్షమాపణ చెప్పాడు. సంచిలోంచి తెల్ల చేతితొడుగులు తీసి తొడుక్కుంటుంటే సవితకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇంత జాగ్రత్తగా ముట్టుకునే మనిషి తక్కువ చేసి మాట్లాడడు.

"అమ్మా, తీసుకురా."

అంజినమ్మ లోపలి నుంచి రెండు చేతుల మీద పాత చీర మూట మోసుకొచ్చింది. స్టూలు మీద పెట్టి, తానే ముడి విప్పింది.

జానెడున్న ముఖం నిగనిగలాడింది.

ఫోటోలో ఉన్నప్పుడు అది తెల్లటి ముఖం. తమలపాకు ఆకారం, గీత గీసినట్టు కళ్ళు, చిన్న నోరు, నోటి కింద నార గడ్డం. ఇప్పుడు తెలుపన్నది మచ్చుకైనా లేదు. శెనగనూనె పట్టించిన గోధుమరంగు చెక్క. గడ్డానికి షాంపూ పెట్టి, దువ్వి, సన్నగా జడ అల్లి, చివర రబ్బరు బ్యాండు వేసి ఉంది.

శ్రేయస్ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "ఇది... ఇదేనా?"

"ఇదే సామీ," అంది అంజినమ్మ.

"దీన్ని ఎవరు కడిగారు?"

"నేనే. నిన్న సాయంత్రం."

సదానంద నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందమ్మా ఇది! నా అంగట్లో బిందెలు తోమిపెట్టమంటే మోకాళ్ళ నొప్పి అంటావు, దీన్నేమో చింతపండు పెట్టి తోముతావా?"

"చింతపండు ఇత్తడికి గదా శెట్టీ. దీనికి మెత్తని బ్రష్షు, ఉప్పు లేని నీళ్ళు. ప్యానెలుకు ఎట్లనో అట్ల. తెల్లమట్టి ఒక్క గీత మిగిలినా మా సూపర్‌వైజరు మళ్ళీ కడగమంటాడు."

"అది మట్టి కాదమ్మా," అన్నాడు శ్రేయస్. గొంతు పెంచలేదు గానీ మాట వణికింది. "సుద్ద. అక్కడ బ్వామి అని పెద్దల సంఘం ఉంటుంది. మనిషి మెట్టు మెట్టుగా పెద్దరికం సంపాదించుకుంటేనే ఇలాంటి ముఖం చేతికొస్తుంది. దీన్ని మొహానికి కట్టుకోవడం తక్కువ. చేతికి కట్టుకుంటారు, కంచెకు తగిలిస్తారు, గడ్డం పట్టుకుని నేలమీద ఈడుస్తూ ఆడతారు. ఆ పెద్ద పోతే ఇంకో పెద్దకు పోతుంది. ఆడిన ప్రతిసారీ సుద్ద పూస్తారు. నలుగురైదుగురు పెద్దల చేతులు ఆ తెలుపులో ఉన్నాయి. కొనేవాళ్ళు డబ్బు ఇచ్చేది చెక్కకు కాదు, ఆ తెలుపుకి."

అంజినమ్మ బొమ్మ మీదికి వంగి చూసింది. "మళ్ళా పూస్తే పోలా? ఇంట్లో సున్నముండాది."

శ్రేయస్ కళ్ళు మూసుకున్నాడు.

సవిత తల్లి వైపు తిరిగింది. "అమ్మా! నేను చెప్పింది ఏంది? దించి గుడ్డలో చుట్టు, అంతే అన్నానా లేదా? నీకు కనపడిందల్లా కడగాల్సిందేనా? ప్యానెళ్ళు కడిగి కడిగి కండ్లు పోగొట్టుకున్నావు, ఇప్పుడు దీన్ని కూడా..."

"మొగమంతా మట్టి పెట్టుకోని ఉంటే వచ్చినోళ్ళకు ఎట్ల చూపిస్తాం?"

"నువ్వు మాట్లాడొద్దు. ఆరేండ్లుగా నీ కోసం నేను కొట్టుకుంటాండా. ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి నేను చెప్పినట్ల చేసినావా?"

అంజినమ్మకు నిలబడి నిలబడి మోకాలు పీకుతున్నట్టుంది, గోడకు చెయ్యి ఆనించింది. సదానంద లేచి తన కుర్చీ ఆమె వైపు నెట్టాడు. "కూచోమ్మా. అయిపోయినదానికి అరుచుకుంటే ఏమొస్తాది." తిట్టే నోటితోనే ఆ మాట అనడం చూసి, ఎంతైనా మంచి మనిషే అనుకుంది సవిత.

"నేను కొనలేనమ్మా," అన్నాడు శ్రేయస్. "క్షమించండి. వచ్చినందుకు రెండు ఫోటోలు తీసుకుని వెళతాను."

ముందువైపు ఒక ఫోటో తీశాడు. వెనకవైపు తీయడానికి బొమ్మను తిప్పాడు.

తిప్పినవాడు తిప్పినట్టే ఉండిపోయాడు.  తరవాత ఫోటో తీయకుండానే బొమ్మను మెల్లగా మళ్ళీ వెల్లకిలా పెట్టి, చీర అంచు దాని మీదికి లాగాడు.

"కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?"

సవిత నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, చక్కగా నవ్వాడు. "అమ్మ కష్టం చూస్తే ఉత్త చేతులతో పోబుద్ధి కావడం లేదు. చెప్పిన ధరలో సగం ఇస్తాను. ఈ రోజే తీసుకెళ్ళిపోతాను. కాగితాలు కూడా ఏమీ అక్కర్లేదు."

"చూసినావా సవితమ్మా!" అన్నాడు సదానంద. "దేవుడు పంపినాడు అనుకో ఈయన్ను."

సగం చాలు. సగంతో కూడా అమ్మ కర్ర కింద పెట్టొచ్చు. సవిత సరే అనబోయి ఆగింది. ఆమె రోజూ గేటు దగ్గర బండ్లు చూసే మనిషి. డిక్కీలో ఏమీ లేని డ్రైవరు విసుక్కుంటాడు, ఎండలో నిలబెట్టినావని తిట్టుకుంటాడు. దొంగిలించిన రాగి తీగ ఉన్నవాడే "అక్కా, ఎండగా ఉండాది కదక్కా" అని మెత్తగా పలకరిస్తాడు. ఈయన ఇందాకటి దాకా కళ్ళల్లో నీళ్ళు పెట్టుకునేటట్టు ఉన్నాడు. ఇప్పుడింత మెత్తగా ఉన్నాడు.

"ఒక్కసారి వెనకవైపు చూపించండి సార్."

"ఏముందమ్మా, పాత చెక్క."

సవిత తానే చీర తొలగించి తిప్పింది. ఇన్నేళ్ళూ వెనకవైపు పొయ్యి అడుగులా నల్లగా ఉండేది. ఇప్పుడు ఆ నలుపు పోయింది. లేత చెక్క మీద ఎర్రరంగుతో, చిన్న చిన్న అంకెల్లో, ఎవరో ఓపికగా రాసిన నంబరు ఉంది. 61-214.

"ఇదేంది?"

"ఏదో పాత సంతలో వేసిన నంబరు," అన్నాడు సదానంద.

"చెక్కినవాళ్ళు వేసుకున్న గుర్తు," అన్నాడు శ్రేయస్.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శ్రేయస్ గొంతు సవరించుకుని, "ఏదైతేనేం, కొంచెం గరుకు కాగితం పెట్టి రుద్దితే పోతుంది" అన్నాడు.

ఇందాక సుద్ద కడిగేశారని ప్రాణం విలవిలలాడిన మనిషి ఇప్పుడు చెక్కనే గీకుతానంటున్నాడు. సవిత బొమ్మను చీరతో సహా చేతుల్లోకి తీసుకుంది. "పది నిమిషాలు ఉండండి సార్. అమ్మతో మాట్లాడి వస్తా."

పెరట్లో బచ్చలితీగ పాకిన చిన్న పందిరి ఉంది. నీళ్ళ డ్రమ్ము, బట్టలు ఉతికే బండ, కొంచెం నీడ. అంజినమ్మ బండ మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది. సవితకు ఏ కోపం ముందు చూపించాలో తెలియలేదు.

"మా, ఒకటి అడుగుతా. నిజం చెప్పు. ప్యానెలు వెనకవైపు ఎప్పుడన్నా నీళ్ళు కొట్టినావా?"

"వెనక ఎందుకు కొడతా? వైర్లుండవా, పెట్టె ఉండదా? చుక్క తగలకూడదు."

"మొన్న కొత్తగా చేరిన సహన వెనక తడిపిందని కర్రెత్తుకోని అరిచినావు."

"అరవనా మళ్ళా?"

"మరి దీని వెనక ఎందుకు కడిగినావు? ముందర కడిగినావంటే వచ్చినోళ్ళు చూస్తారని అనుకుంటా. ఎవురూ చూడని వెనకవైపు ఇంత శ్రద్ధగా ఎందుకు కడిగినావు?"

అంజినమ్మ చెయ్యి మోకాలి మీదే ఆగింది. 

"ఆ నల్లది పూసింది నేనే," అంది. "మీ నాయన ఉన్నప్పుడు. పొయ్యిమసి, ఆముదం కలిపి. అంకెలు కనపడకూడదు అన్నాడు."

సవిత బొమ్మను తిప్పి ఆ అంకెలు మళ్ళీ చూసింది. "అంటే నాయన దొంగిలించినాడా?"

"థూ, ఆ మాట అనొద్దు!" అంజినమ్మ గొంతు ఒక్కసారి గట్టిపడింది. "మీ నాయన బీడీ కట్ట కూడా ఒకరిది తీసుకునేవాడు కాదు. ఆ ఊర్లో పాత వస్తువులకు నంబర్లేసి చూపించే ఇల్లొకటి ఉండాదంట. దాని కాపలా ముసలాయన ఉండె. ఆ ఆవరణలోనే మీ నాయన బోరు వేసినాడు, నీళ్ళు పడినాయి. తర్వాత ఆడ కొట్లాటలు వచ్చినాయి. తుపాకులు పట్టుకోని దోచుకునేదానికి వస్తాండారని ఆ ముసలాయన ఊరు విడిచి పోతాండే నమ్మకస్తులందరికీ ఒకటో రెండో చేతిలో పెట్టి, దాచిపెట్టండి, మావాళ్ళు ఎవురన్నా వచ్చి నంబరు చెప్తే ఇయ్యండి అన్నాడంట. దిష్టిబొమ్మను ఎవురూ ఎత్తుకపోరని మీ నాయనే గుమ్మానికి కొట్టినాడు."

"ఇది నాకెందుకు చెప్పలే?"

"ఎవురికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. నీకు కూడా. ఇన్నేండ్లయింది, ఎవురొస్తారులే అనుకున్నా. నువ్వేమో నా మోకాళ్ళ కోసం అంత ఆశ పెట్టుకున్నావు. పోనీలే, అమ్మితే అమ్ముతాది అనుకుని ఒట్టు కూడా వేసినా."

"మరి నిన్న ఎందుకు కడిగినావు?"

"సోమవారం వచ్చింది గదా."

"ఎవురు?"

"ఆ దేశం పిల్ల. బెంగళూర్లో నర్సు చదువుతాదంట. ఈ సారు ఫోటో యాడనో పెట్టినాడంట, దాంట్లో గోడ మీద మన పంచాయితీ పేరు కనపడినాదంట. పట్టుకోని వచ్చేసింది. పొద్దున ఏడింటికి నేను పన్లో ఉన్నా. వరస మధ్యలో వదిలితే సూపర్‌వైజరు ఊరుకోడు. నిలబడే మాట్లాడినా. వచ్చీరాని కన్నడలో అవ్వను పిలిచినట్ల అజ్జీ అజ్జీ అంటా, నా చేతిలో కర్ర తీసుకోని అర వరస తానే తుడిచింది పాపం. ఆ ముసలాయన మనవరాలంట. ఆయన రాసిపెట్టుకున్న పుస్తకంలో మీ నాయన పేరుండాదంట. బోరు లింగప్ప అని."

 పదిహేనేళ్ళ తరవాత నాయన పేరు అంత దూరం నుంచి నడిచి వచ్చి ప్యానెళ్ళ మధ్య నిలబడిందంటే, ఏడవాలో అమ్మ మీద అరవాలో సవితకు తెలియడం లేదు. "సోమవారం వస్తే శుక్రవారం దాకా నోరు మూసుకున్నావా మా? ఆ సారు రాకముందు ఒక్క మాట చెప్పలేవా?"

"నీకు యాడ తీరింది? వారమంతా ఫోన్లో శెట్టితోనే ఉంటివి. అయినా నాకూ నమ్మకం లేదు. ఫోటో చూసి ఎవురైనా రావచ్చు, కథ ఎవురైనా చెప్పొచ్చు. నంబరు కలిస్తేనే ఇయ్యాలని మీ నాయన మాట. అందుకే కడిగినా. వెనక మాత్రం కడిగితే నువ్వు అడుగుతావని ముందర కూడా కడిగినా." ఆమె చీర కొంగు నలుపుకుంది. "ఆ సుద్ద అంత గొప్పదని నాకేం తెలుసే. అది తప్పే."

"కలిసిందా?"

అంజినమ్మ నడుము దగ్గరి వక్కాకు సంచి తెరిచి, నాలుగు మడతల చీటీ తీసి ఇచ్చింది. ఆమెకు చదువు రాదు. కానీ ప్యానెళ్ళ వరసలకు వేసిన అంకెలు ఆరేళ్ళుగా చూసి చూసి అంకెలు మాత్రం వచ్చాయి. "నేను చూసినా. కలిసింది. నువ్వు కూడా చూడు."

సవిత చీటీ విప్పింది. 61-214. కిందనే ఫోను నంబరు.

"నా కాళ్ళ సంగతి వదిలెయ్యి," అంది అంజినమ్మ మెల్లగా. "ఇంకో రెండేండ్లు నడుస్తాయి. మీ నాయన ఇచ్చిన మాటను ఆ సారుకు అమ్మొద్దు."

సవిత అమ్మ కాళ్ళ వైపు చూసింది. అమ్మ వాచిన మోకాలి చిప్ప మీద నూనె మెరుస్తోంది. బొమ్మకు రాసి మిగిలిన శెనగనూనే రాసుకున్నట్టుంది. ఈ ఒక్క బేరం కోసం నెలంతా ఎదురుచూసింది. ఇప్పుడు అమ్మదే ధర్మంగా కనిపిస్తుంటే, ఆ ధర్మం మీదే కోపం వస్తోంది.

చీటీ మడవబోతూ ఆగింది. మడత చాటున ఇంకో అంకె ఉంది. అదే చేతివ్రాత. 61-215.

"మా, ఇక్కడ రెండుండాయి."

అంజినమ్మ తల దించుకుంది.

"రెండోది యాడుండాది?"

"అది పెద్దది. పొడుగు గడ్డం. గుమ్మానికి కొడితే అందరి కండ్లూ పడతాయన్నాడు. జబ్బుతో పండుకున్నప్పుడు, ఇనప్పెట్టె ఉన్న మనిషికి ఇచ్చి దాచిపెట్టమన్నాడు. ఇనప్పెట్టె ఉన్నవాడు మీ నాయనకు ఒక్కడే తెలుసు." వీధి వైపు కళ్ళతో చూపించింది. "శెట్టి. నేనే సంచిలో పెట్టుకుని పావగడకు తీసుకపోయి ఇచ్చొచ్చినా. నెల కింద గుమ్మం పైకి చూసి, ఇదేంది ఈ బొమ్మ కొత్తగా ఉండాదే అని నిన్ను అడిగినాడు గదా. నేను లోపల ఉండి విన్నా. మర్చిపోయినాడేమో అనుకున్నా."

"సవితమ్మా!" ముందు గదిలోంచి సదానంద కేక వేశాడు. "పది నిమిషాలు ఎప్పుడో అయిపోయినాయి. సారు చీకటి పడకముందే బెంగళూరు చేరాలంట."

సవిత బొమ్మను తల్లి ఒళ్ళో పెట్టింది. చీటీ గుప్పిట్లో పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. శ్రేయస్ లేచి నిలబడ్డాడు. సదానంద కుర్చీలో వెనక్కి వాలి, గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగుతున్నాడు.

"అన్నా," అంది సవిత. "అరవై ఒకటి, రెండు వందల పదహైదు యాడుండాది?"

"అదేమిటి?" అన్నాడు శ్రేయస్, ఏమీ అర్థం కాక.

సదానంద మాత్రం అదేంది అని అడగలేదు. గ్లాసు నేల మీద పెట్టాడు. లేచి, తొందర లేకుండా నడిచి వెళ్ళి, ఆ మాట గడప దాటకూడదన్నట్టు వీధి తలుపు లోపలి నుంచి గడియ వేశాడు.